ఇరవై ఏళ్లు పల్లంలో తాళం తిప్పిన చెయ్యి

కరెంటు ఆటోల రేసింగులో నాది మూడో ఏడు. మదనపల్లె బస్టాండు పక్క టీ అంగట్లో ఎవరిని అడిగినా నన్ను రేసు మనిషి అనే చెబుతారు. ఆ మాట పుట్టించింది నేనే గనక దానికి పూచీ కూడా నాదే. ఈ వృత్తిలోకి ఎలా వచ్చానో మాత్రం ఇంతవరకూ పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. కొలతలు కాస్త అటూ ఇటూ అయితే అయ్యాయి గానీ, జరిగింది ఇదే.

అంతకుముందు ఇరవై ఏళ్లు డీజిలు ఆటో నడిపాను. అన్నేళ్లలో నేను సాధించిన విద్య ఒక్కటే: పల్లం రాగానే తాళం తిప్పి ఇంజను ఆపేయడం. మా వైపు డ్రైవర్లందరూ చేసేదే, కానీ నా అంత దూరం దొర్లించినవాడు లేడు. ఒకసారి నిమ్మనపల్లె దారిలో ఒక మిట్ట మీద ఇంజను ఆపి వదిలితే, బండి దొర్లీ దొర్లీ, ఆపిన సంగతి నేనే మరిచిపోయి, మా ఇంటి ముందుకొచ్చాక మళ్లీ ఆపబోయాను.

అలాంటి రోజుల్లో బెంగుళూరులో కరెంటు ఆటోలు చేసే కంపెనీ ఒకటి పందెం పెట్టింది. ఆటోలు వాళ్లే ఇస్తారు. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఒక్క ఛార్జింగుతో పోవాలి. ముందుగా చేరినవారికి వాళ్ల రేసింగు జట్టులో డ్రైవరు ఉద్యోగం, ఎర్ర టీషర్టు, హెల్మెట్టు. సీటు ఒక్కటే. అది నాకొచ్చేసినట్టు ఆ రోజే టీ అంగట్లో చెప్పేశాను. చెప్పిన మాట నిలబడాలని ఉన్న డీజిలు ఆటో కూడా అమ్మేశాను. ఇక ఆ సీటు రాకపోతే నేను కూర్చోవడానికి వేరే సీటు లేదు.

పోటీకి ఆరు ఆటోలు వచ్చాయి. వాటిలో ఒకదాన్ని నడిపేది మా తోడల్లుడు. పుంగనూరు మనిషి. అతనికి ఆటో నేర్పింది నేనే, మొదటి పాఠం పల్లంలో తాళమే. వెనక సీట్లో బరువు కోసం ఒక మనిషి ఉండాలని రూలు. అందరూ ఇంట్లో బక్కగా ఉన్నవాళ్లను వెతికి తెచ్చుకున్నారు. తోడల్లుడు వాళ్ల అవ్వను తెచ్చాడు. ఆమె ఎక్కాక ఆటో ఇంకా తేలికైనట్టు కనిపించింది. నాకు మా ఆవిడ తప్ప ఎవరూ దొరకలేదు. ఆమె రెండేళ్లుగా బ్యాటరీ స్కూటీ మీద టైలరింగు అంగడికి పోయి వస్తోంది. దాన్ని నేను చక్రాల మిక్సీ అనేవాణ్ణి.

బయల్దేరే ముందు కంపెనీ ఇంజనీరమ్మ డ్రైవర్లను పిలిచి ఏదో వివరించింది. పల్లంలో బండి ఆపొద్దనీ, తాళం అలాగే ఉంచి యాక్సిలరేటర్ వదిలితే దొర్లే చక్రమే బ్యాటరీకి కరెంటు తిరిగి ఇస్తుందనీ. అదే సమయంలో నేను వెనక నిలబడి నిమ్మనపల్లె దొర్లుడు కథ చెబుతున్నాను. నేను వినలేదు సరే, మిగిలిన ఐదుగురూ నా కథే విన్నారు.

మొదటి పల్లంలోనే తాళం తిప్పాను. బండి జారుతోంది.

"యాల ఆపినావప్పా?" అంది వెనక నుంచి మా ఆవిడ.

"ఛార్జింగు మిగిలిస్తాండా మే, గమ్మునుండు."

పుంగనూరు దాటేలోపు నాలుగు ఆటోలు రోడ్డు పక్కన వరసగా ఆగిపోయి కనిపించాయి. అది నా నేర్పే అనుకున్నాను. నా మీటరులో ఛార్జింగు అంకె కూడా సగానికి పడిందని, ఇంజనీరమ్మ చెప్పిందేమిటో మా ఆవిడ మళ్లీ చెప్పబోయింది. నువ్వు సూదిలో దారం ఎక్కించడం నేర్చుకోకముందే నేను పల్లాలు దిగానన్నాను. ఆమె అలిగి పక్కకు తిరిగి కూర్చుంది. ఆ అలక ఎంత బరువుందంటే ఆటో వేగం తగ్గింది.

ఇంకో మూడు మిట్టలు ఎక్కి దిగితే కుప్పం. మొదటి మిట్ట సగంలో తోడల్లుడి ఆటో నిలబడి ఉంది. అవ్వ వెనక సీట్లో నిద్రపోతోంది.

"నువ్వు నేర్పినట్టే ప్రతి పల్లంలోనూ ఆపినానన్నా," అన్నాడు. "ఇట్లెట్లయింది?"

ఆ మాట పూర్తయ్యేలోపే నా ఆటో కూడా అతని పక్కనే ఆగిపోయింది. మీటరులో సున్నా.

రూలు ప్రకారం బండిని ఇంకో బండికి కట్టి లాగకూడదు గానీ తోయొచ్చు. మా ఆవిడ దిగి ముందుకొచ్చింది.

"జరుగప్పా. ఎనక్కి పొయ్యి తొయ్యి."

"ఆ సీటు నాది మే."

"నీదే లే. పొయ్యి తొయ్యి."

వెనక సీట్లో బరువుండాలి గనక అవ్వను మా ఆటోలోకి మార్చాం. వాళ్ల అవ్వ ఎక్కాక తోడల్లుడికి తోయక తప్పలేదు. ఇద్దరం ఆయాసపడుతూ మిట్ట మీదికి తోసి, ఎగిరి ఎక్కాం. మా ఆవిడ తాళం ఆన్ చేసి అలాగే ఉంచి పల్లంలోకి వదిలింది. అడుగుకు చేరేసరికి మీటరులో ఒకటి, ఆ తర్వాత రెండు. ఆ రెండుతో తర్వాతి మిట్ట సగం ఎక్కాం, మిగతా సగం తోశాం. అలా మూడు మిట్టలు. టీ అంగట్లో ఏడని చెప్పాను. ప్రతి పల్లంలోనూ నా చెయ్యి వెనక నుంచి తాళం వైపు పోయేది. ఆమె ప్రతిసారీ దాని మీద ఒక్కటి వేసింది.

కుప్పంలో పందెం ముగిసేచోట వేసిన గుడారంలో ఇంజనీరమ్మ ఒక్కతే మిగిలి ఉంది. మా కంటే ముందు ఎవరూ రాలేదు. ఆటోలో ఉన్న కంప్యూటరు దారంతా రాసుకుంటుందట. అందులో సున్నా అయిన ఛార్జింగు మళ్లీ పెరగడం చూసి ఆమె కళ్లు పెద్దవి చేసింది. చివరి మూడు పల్లాల్లో బండి నడిపిందెవరని అడిగింది.

కథ నా నోట్లో సిద్ధంగా ఉంది. కుడి పాదం ముందుకు వేశాను కూడా.

"ఈ ఇద్దురూ ఎనక తోసినారు," అంది అవ్వ, కళ్లు తెరవకుండానే. "నడిపింది ఆ పాప."

దారి పొడుగునా ఆమె నిద్రపోయిందనుకున్నది మేమే.

ఇంజనీరమ్మ ఎర్ర టీషర్టు మా ఆవిడకు ఇచ్చింది. నేను గుడారం గుంజను చూస్తూ నిలబడ్డాను. డీజిలు ఆటో లేదు, ఈ సీటూ లేదు, రేపు టీ అంగట్లో ముఖమూ లేదు. మా ఆవిడ టీషర్టు మడత విప్పి, నన్నొకసారి పైనుంచి కింది దాకా చూసి అడిగింది:

"మేడం, రేసులో ఎనక సీట్లో ఒక బరువుండాల గదా? మా ఇంట్లోనే ఉండాది."

అదీ నా వృత్తి. రెండో ఎర్ర టీషర్టు నాకు వచ్చింది. ప్రతి పందేనికి ముందు నన్ను కాటా మీద నిలబెడతారు. అంకె పెరిగినా తరిగినా జట్టుకు ఇబ్బంది, అందుకని రాగిముద్ద ఇంత అని మా ఆవిడే కొలిచి పెడుతుంది. తోడల్లుడు పుంగనూరులో డీజిలు ఆటోనే నడుపుతున్నాడు. అవ్వ మాత్రం నా ఉద్యోగం తనకు రావాల్సిందని కనబడిన వాళ్లకల్లా చెబుతోందట.

ఇప్పటికీ పల్లం వస్తే నా కుడిచెయ్యి దానంతటది లేస్తుంది. హెల్మెట్టులోంచి, వెనక్కి తిరగకుండానే అంటుందామె:

"సెయ్యి తియ్యప్పా."