ఎండ బిళ్ళకు రెండు గీతలు

మా బడి అయ్యవారు నంద్యాల ఆసుపత్రిలో పోయారని పొద్దుటి బస్సు దిగిన గాజులామె చెప్పింది. అప్పుడు నేను ఇల్లు అలుకుతున్నాను. పేడ చేతులతోనే గోడకు ఆనుకుని కూలబడ్డాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు, మా పాప, రాస్తోంది. ఒక్క మాట మార్చినా వీపు పగులుతుందని ముందే చెప్పాను.

ఆళ్లగడ్డ పక్కన మా ఊళ్ళో ఆయన మీద ఒక మాట పుట్టింది. మంచులో మిద్దెక్కి ఆకాశం చూడబట్టే చనిపోయారట. ఆ మాట ముందు అన్నది నా కొడుకే. "ఆకాశం చూసి చూసి ఆయప్ప పాయ. ఇంక పాపను నంద్యాల బడికి పంపేది లేదు" అన్నాడు. పాపను పై చదువుకు పంపమని నోరు నొచ్చేలా చెప్పింది ఆ అయ్యవారే. అందుకని నాకు తెలిసింది చెబుతాను.

ఆయన్ను తీసుకుపోయిన దగ్గు ఈనాటిది కాదు. మా ఊరికి వచ్చిన రోజే దగ్గుతూ బస్సు దిగారు. జేబులో ఎప్పుడూ వేయించిన శనక్కాయలు ఉండేవి. లెక్క సరిగా చేసిన పిల్లకు ఒకటి, తప్పు చేసిన పిల్లకు రెండు. ఇదేం న్యాయమని అడిగితే, తప్పిన వాళ్ళు ఇంకా చాలా దూరం నడవాలి కదా అనేవారు.

రష్యావాళ్ళు ఆకాశంలోకి మనిషి చేసిన చుక్కనొకదాన్ని వదిలారని ఆయన చెప్పిన నాడు, నేను మిద్దెక్కి గవాచి మీద బండ మూశాను. మా మట్టిమిద్దెలకు వెలుతురు రావడానికి, పొగ పోవడానికి ఉన్నది ఆ కంత ఒక్కటే. చుక్క అందులోంచి సరిగ్గా మా పొయ్యి మీద పడుతుందని నా భయం. ఇల్లంతా పొగ కమ్మింది. పాప దగ్గు విని అయ్యవారే వచ్చి బండ తీశారు. నేల మీద ఎండ బిళ్ళ పడింది. దాని అంచున సున్నంతో ఒక గీత గీశారు. గడియారం చూస్తూ గంటన్నర కూర్చుని, బిళ్ళ జరిగిన చోట ఇంకొకటి గీశారు. ఈ గీత నుంచి ఆ గీతకు ఎండ జరిగే లోపల ఆ చుక్క భూమిని ఒక చుట్టు చుట్టేస్తుందన్నారు.

నా భయం రెట్టింపయింది. ఎండ రెండో గీతను తాకితే చాలు, అది మా నెత్తిమీదికి వచ్చేసిందని పాపనూ కోళ్ళనూ లాక్కుని ద్వారబంధం కింద నిలబడేదాన్ని. వారం రోజులు అదే పని. ఆయన చూసి నవ్వలేదు. ప్రతి చుట్టూ మన ఊరి మీదుగా పోదని చెప్పి, నా పక్కనే వచ్చి నిలబడ్డారు.

"నీకు బయం లేదా అప్పా?" అని అడిగాను.

"ఉండాది పెద్దమ్మా. అంత పైన ఏముందో తెలీదు గదా. బయమైతాంది కాబట్టే చూస్తాండా."

అది పైనుంచి ఏమేం చూస్తుందని పాప అడిగింది.

"దానికి కండ్లు లేవు పాపా, రేడియోలో ఇనపడే కూత ఒకటే. చూడాల్సింది నువ్వే."

ఆ తర్వాత పాప పలక నిండా గుండ్రాలే.

నాకిప్పటికీ భయమే. నంద్యాల బస్సంటే భయం, పరాయి ఊళ్ళో పిల్ల ఉండాలంటే భయం. నా కొడుక్కీ అదే భయం. వాడు దానికి అయ్యవారి చావును అడ్డం పెట్టుకున్నాడు. నిన్న వాడితో అన్నాను: "గవాచి మూస్తే పొగ ఇంట్లోనే ఉంటాది నాయనా. నేను మూసి చూసినా."  వాడు లేచి అటక మీది రేకుపెట్టె దించి దుమ్ము తుడిచాడు.

ఎన్నిసార్లు అలికినా ఆ గీతల మధ్య రెండు మూరల నేలను వదిలేస్తూ వచ్చాను. ఈ కాలానికి ఎండ మళ్ళీ ఆ దారికి వచ్చింది. ఇదిగో, బిళ్ళ రెండో గీతకు జరుగుతోంది. పాప రాయడం ఆపి అటే చూస్తోంది. నేను ద్వారబంధం కిందికి పోలేదు.