నిద్ర లేదని రాసిన ఉత్తరం

డార్లా వంటింటి బల్ల దగ్గరే కూర్చుని పనిచేస్తుంది. ఎన్నికల్లో నిలబడ్డ ఒకాయన పేరుతో వేలమందికి ఈమెయిలు ఉత్తరాలు రాసి విరాళాలు రాబట్టడం ఆమె ఉద్యోగం. రాసేటప్పుడు బొటనవేలి గోరు కొరుక్కుంటుంది. కాఫీ మళ్ళీ మళ్ళీ వేడిచేసుకుని తాగడం మరిచిపోతుంది. ముందు రెండు రకాల మొదటి వాక్యాలు కొద్దిమందికి పంపి చూస్తుంది. దేనికి డబ్బు ఎక్కువొస్తే అదే అందరికీ వెళుతుంది. ఈ వారం "మీ మేలు మరువను" ఓడిపోయింది, "మూడు రోజులుగా నాకు నిద్ర లేదు" గెలిచింది. పైన ఎవరి పేరు వాళ్లకు కంప్యూటరే అతికిస్తుంది.

ఆదివారం చర్చిలో, ఎవరికోసం ప్రార్థించాలో చెప్పమని పాస్టరు అడగగానే, డార్లా పక్కనున్న ముసలి ఆర్డిత్ ఫోను పట్టుకుని లేచింది. "పాపం, ఆ ఎన్నికలబ్బాయికి మూడు రోజులుగా నిద్ర లేదట. నా పేరు పెట్టి మరీ రాశాడు."

"ప్రేమలేఖా, ఆర్డిత్?" అన్నాడు వెనక వరసలోంచి హార్లన్. అందరూ నవ్వారు.

"నీకెవరు రాస్తార్లే, ఊరుకో! ఉన్నది పంపేశాను. నా కంటి చుక్కల మందు వచ్చే నెల కొనుక్కుంటా. ఆ బిడ్డ కోసం ప్రార్థించండి."

ఆ వాక్యం తనదని చెప్పాలని డార్లా నోరు తెరిచింది. ఈలోగా ఆర్డిత్ కూర్చుని, ఆమె ముఖంలోకి చూసి, సంచిలోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి కాగితం విప్పి డార్లా అరచేతిలో పెట్టింది. "నీకూ నిద్ర లేనట్టుందే, తల్లీ. ప్రార్థనలో నీ పేరు కూడా కలుపుకుంటాను."

అందరూ ఆమెన్ అన్నారు. డార్లా అనలేకపోయింది. పిడికిట్లో బిళ్ల కరిగి అరచేతికి అంటుకుపోయింది.