తాడు పట్టిన తమ్ముడు

రజాకార్లు ఊళ్ల మీద పడ్డ ఏడాది మాసయ్య తప్పించుకుని నల్లమల ఎక్కాడు. అచ్చంపేట దగ్గరి రైతుబిడ్డ, ఇరవై ఏళ్లవాడు, సంఘం మనిషి. "అందరం సమానం" అని ఊరూరా గొంతు చించుకున్న ఆ పెద్దమనిషే చెంచుగూడెంలో కుండనీళ్లు ముట్టలేక వాగుకు పోయి తాగివచ్చేవాడు! తలదాచుకోను గుడిసె చూపిన ఈదమ్మను మాత్రం నోటి మర్యాదకు "అక్కా" అనేవాడు.

ఒక పొద్దున ఈదమ్మ మగడు బయ్యన్న తేనె కోసం తాడు కట్టుకుని కొండచరియ దిగాలి. చెంచుల్లో ఆ తాడు పట్టేది పెళ్లాం తమ్ముడే. అక్క ముండమోయాలని ఏ తమ్ముడూ కోరుకోడు కదా! సొంత తమ్ముడేమో జ్వరంతో పడుకున్నాడు. ఈదమ్మ తాడు తెచ్చి మాసయ్య చేతిలో పెట్టింది.

"నేనా?"

"అక్కా అంటివి గద తమ్మీ! ఉత్తగనే అన్నవా?"

మాసయ్య తాడు కొసను నడుముకు చుట్టుకున్నాడు. బయ్యన్న వెనుదిరిగి చూడకుండా అంచు దిగిపోయాడు. పొగ పెట్టినా తేనెటీగలు గుంపుగా లేచాయి! మాసయ్య కన్ను వాచింది, అరచేతులు చీరుకుపోయాయి, పట్టు మాత్రం సడలలేదు. "బావా, పైలం! బావా!" అని మాసయ్య కొండ దద్దరిల్లేలా అరిచాడు.

బయ్యన్న తేనెతో పైకొచ్చాడు. మాసయ్య తిన్నగా గుడిసెలోకి పోయి కుండనీళ్లు గటగటా తాగాడు.

పోలీసు చర్య అయిన మరుసటేడు తన పెండ్లిలో అక్కకు పెట్టే ఆడబిడ్డ చీర ఈదమ్మకే పెట్టాలన్నాడు.

"చెంచుదానికా?" అని కులపెద్దలు లేచారు.

"ఆమె మగని పానం నా చేతుల పెట్టింది," అన్నాడు మాసయ్య. "మీరేం పెట్టిండ్రు?"