అలికిన వసారాలో నాలుగు వేళ్ల పాదం

దయ్యాల ముచ్చట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. మా సిర్గాపూర్‌లో ప్రతి ఇంటికీ ఒక దయ్యం కథ ఉండేది, మా ఇంటికి రెండు. మా అమ్మ కట్టిన తాయెత్తును తొమ్మిదో తరగతిలోనే తెంపి పారేశాను. ఇది చదివి మీరు నవ్వినా నాకేం కోపం రాదు. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాణ్నే.

ఎనభైల నాటి సంగతి. నారాయణఖేడ్‌లో ఇంటర్ చదివాను. అన్నీ గట్టెక్కాయి, ఎకనామిక్స్ ఒక్కటే పోయింది. మా నాయన హైదరాబాద్‌లో మేస్త్రీల కింద తట్ట మోసి నడుం పోగొట్టుకున్న మనిషి. "ఇంగొక్కసారి రాయి. పాసైతే టీచర్ ట్రైనింగ్‌కు పో. ఫేలైతే నా తట్ట నువ్వెత్తుకో" అన్నాడు. కోపంగా అని ఉంటే మర్చిపోయేవాణ్నేమో. మామూలుగా, బీడీ ముట్టించుకుంటూ అన్నాడు.

పరీక్షకు నెల ముందు నారాయణఖేడ్‌లోనే మార్తవ్వ అనే ఆమె ఇంట్లో గది తీసుకున్నాను. ఆమె ఒక్కతే ఉండేది, చేలల్లో కూలికి పోయేది. చదువు రాదు. ఆదివారం చర్చి అయ్యాక వాడలోని ఆడవాళ్లు ఆమె వసారాలో కూర్చుని ప్రార్థన చేసేవారు. అందుకని శనివారం సాయంత్రం వసారా అంతా పేడతో నున్నగా అలికేది. ఆరేదాకా ఎవరు కాలు పెట్టినా ఊరుకునేది కాదు. ఆమెకూ దయ్యాల మీద నమ్మకం లేదు. దేవుడున్న ఇంట్లో వాటికేం పని అనేది.

నాకు కూర్చుంటే చదువు ఎక్కదు. నడవాలి. వసారాలో గడప నుంచి ఇసుర్రాయి దాకా, ఇసుర్రాయి నుంచి గడప దాకా, పైకి చదువుకుంటూ తిరిగేవాణ్ని. పరీక్ష దగ్గరపడేకొద్దీ తిరగడం పెరిగింది, తలకెక్కడం తగ్గింది. తింటున్నప్పుడు కూడా కాళ్లు ఊగుతూనే ఉండేవి.

ఇక్కడ నా బద్ధకం ఒకటి చెప్పాలి. నా పుస్తకంలో ఒక పాఠం పేజీలు కోత పడక అంచుల దగ్గర అంటుకుపోయి వచ్చాయి. బ్లేడు పెట్టి కోస్తే రెండు నిమిషాల పని. ఒక్క పాఠమే కదా, దాంట్లోంచి రాదులే అని ఏడాదంతా అలాగే వదిలేశాను.

పరీక్ష మంగళవారం. ముందటి గురువారం పొద్దున, అప్పుడే చదివింది ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఎటూ ఫెయిలయ్యాక మోసే తట్టేదో ఇప్పుడే మోస్తే ఈ ఎదురుచూపు తప్పుతుంది కదా అనిపించింది. మార్తవ్వ కూలికి పోయి ఉంది. పుస్తకం గదిలోనే పడేసి, బయట గొళ్లెం పెట్టి, ఎవరికీ చెప్పకుండా హైదరాబాద్ బస్సెక్కాను. మా చిన్నాయన కొడుకు మొగులయ్య ఒక కడుతున్న ఇంటి దగ్గర పనిచేసేవాడు. శుక్ర, శనివారాలు అతనితో ఇటుకలు మోశాను. అరచేతులు బొబ్బలెక్కాయి.

ఆదివారం తిరిగొచ్చాను. పరీక్ష రాయడానికి కాదు, పెట్టె, బట్టలు తీసుకొని గది ఖాళీ చేయడానికి.

మధ్యాహ్నం రెండు దాటింది. మార్తవ్వ మెట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే అందుకుంది.

"ఎప్పుడు బయటికి పోయినవ్? అలికింది ఆరేదాంక ఆగలేవా? ప్రార్థనకొచ్చినోళ్లు సూసి నవ్విండ్రు. మూడొద్దుల సంది ఒకటే తిరుగుడు, ఒకటే సదువుడు."

"నేను లేను గదా అవ్వా. పట్నం పోయిన."

"పట్నమేంది? గోడవతల సదివింది నువ్వు గాదా? నీ గొంతు నాకెరుక లేదా?"

అప్పుడు వసారా వైపు చూశాను. ఎండిన అలుకు మీద పాదాల గుర్తులు. గడప నుంచి ఇసుర్రాయి దాకా, అక్కడ ఎడమకు తిరిగి మళ్లీ గడప దాకా, ఒకదాని మీద ఒకటి. నేనూ అక్కడ ఎడమకే తిరుగుతాను. అయినా ఎవరో కుర్రాళ్లు తొక్కి ఉంటారనుకుని దగ్గరికి పోయాను.

ఎడమ పాదానికి నాలుగే వేళ్లున్నాయి.

నా ఎడమ కాలి చిటికెన వేలు చిన్నప్పుడు పార పడి పోయింది. చెప్పు విడిచి ఆ గుర్తులో కాలు పెట్టాను. అచ్చంగా సరిపోయింది. గది తలుపుకు నేను పెట్టిన గొళ్లెం పెట్టినట్టే ఉంది.

"నేనేం సదివిన అవ్వా?" అని అడిగాను.

ఆమెకు నవ్వొచ్చింది. "ఏమో, నాకేమెరుక! ఆకలైనోనికి మొదటి రొట్టెల ఉన్న సుఖం రెండో రొట్టెల ఉండదంట. మూడోదాంట్ల ఇంక తక్కువంట. కడుపు నిండినంక పెడితే తిట్టినట్టుంటదంట. గీ ముచ్చట సెప్పనీకె గంత పుస్తకం కావాల్నా కొడుకా?"

అలాంటి పాఠం నేను చదివినట్టు గుర్తులేదు. లోపలికి పోయి పుస్తకం మొత్తం తిరగేశాను, ఎక్కడా లేదు. ఇక మిగిలింది ఆ అంటుకున్న పేజీలే. అవి అంటుకున్నట్టే ఉన్నాయి. బ్లేడుతో కోశాను. క్షీణోపాంత ప్రయోజన సూత్రం. ఒక వస్తువు వాడేకొద్దీ దానివల్ల కలిగే తృప్తి తగ్గిపోతుందని. పుస్తకంలో ఉదాహరణ ఆపిల్ పండ్లది. రొట్టె మాట ఎక్కడా లేదు.

పెట్టె సర్దలేదు. ఆ పాఠం చదివాను. ఒక్క అడుగు వేయకుండా, గోడకు ఆనుకుని కూర్చుని చదివాను. వసారాలోకి పోవాలంటే భయమేసింది.

మంగళవారం పేపర్లో పెద్ద ప్రశ్నల్లో మొదటిది అదే. అందరూ ఆపిల్ పండ్లు రాసి ఉంటారు. నేను జొన్నరొట్టె రాశాను.

పాసయ్యాను. ట్రైనింగ్ పూర్తిచేసి, కల్హేర్ వైపు బళ్లలో ముప్పై ఏళ్లు పనిచేశాను. మార్కుల కాగితం చూపిస్తే మా నాయన దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. పారిపోయానని చెప్పాలంటే సిగ్గు.

ఎన్నో రకాలుగా ఆలోచించాను. మార్తవ్వ రోజులు కలగాపులగం చేసుకుందా? ఆ గుర్తులు శనివారం అలికిన దాని మీదివి. నేనే తిరిగానా? మొగులయ్య ఇప్పటికీ ఉన్నాడు, ఆ రెండు రోజులూ నేను తన పక్కనే ఇటుకలు మోసి, రాత్రి తన పక్కనే పడుకున్నానని ఎవరడిగినా చెబుతాడు. మార్తవ్వ మాత్రం పోయేదాకా, చదివింది నువ్వే కొడుకా అనే అంది. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు.

నేను వదిలేసి పోయిన చదువును నా కాళ్లతో, నా గొంతుతో అక్కడ ఉండి చదివింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. నా ఉద్యోగం, నా పిల్లల అన్నం ఆ చదువు పెట్టిందే. మార్కుల కాగితం మీద ఉన్నది నా పేరే అయినా, ఆ చదువు నాదేనని గట్టిగా అనలేను. ఇప్పటికీ ఎక్కడైనా కొత్తగా అలికిన నేల కనిపిస్తే ఆగిపోతాను. గుర్తులుంటే, ముందు వేళ్లు లెక్కపెట్టుకుంటాను.