అలిగిన బతుకమ్మ ఆట

"పిల్లలకు పండుగ తప్పనియ్యకే. సద్దుల నాటికి పూలు నేను తెస్త."

"పూలు తర్వాత. ముందుగాల నువ్వు పో. చెప్పులు చేతుల వట్టుకో, సప్పుడైతది."

గవే మా ఆలుమొగల నడుమ ఆఖరు మాటలు. ఆయన చెప్పులు చేతుల వట్టుకొని పెరటి గోడ ఎక్కి అవుతలికి దుంకిండు. పొద్దు ఇంకా గుంకలేదు. మొగనితోని నేను ఆఖరుకు మాట్లాడింది చెప్పుల ముచ్చట. కోడలా, దాన్ని గట్లనే రాయి. మంచిగ చెయ్యకు.

ఇది పోలీస్ యాక్షన్‌కు ముందటి యేడు సంగతి. మెదక్ల బజారు ఎనకాల గల్లీల మా ఇల్లు. రెండు అర్రలు, ఒక పెరడు. ముందటి అర్రల మీ మామ కుట్టుమిషిని. ఆయన దర్జీ. ఊర్లల్ల సర్కారు మీద తిరగబడ్డ సంఘపోళ్లు తిరుగుతున్న దినాలు అవి. ఆళ్లకు అంగీలు కుట్టిండని ఎవడో చాడీ జెప్పిండు. కుట్టిండు, అబద్ధం కాదు. "దర్జీ కాడికి గుడ్డ వస్తె కుట్టక ఏం జేస్తడే?" అనెటోడు. కాని మనిషి మాయమయ్యెటందుకు అప్పుడు గంత తప్పు సాలు. రామాయంపేట దిక్కు ఒకన్ని గుంజుకపోయిన్రు, మల్ల జాడ లేదు. గందుకే పక్కింటి ఖాలా ఉరుక్కుంట వచ్చి, "బేటీ, ఖాకీ బట్టలోళ్లు నీ మొగని పేరు అడుగుతున్రు బజార్ల" అనంగనే ఆయన గోడ దుంకిండు. గోడ అవుతల బాట చేగుంట దిక్కు పోతది. ఆడ దోస్తు ఇంట్ల దాగుంట అన్నడు.

ఖాలా అంటే మా గోడకు ఆనుకున్న ఇంట్ల ఉండె టాంగా ఆయన పెండ్లాం. ఉర్దూ మాట్లాడెటిది, తెలుగు సగం సగం. నాకు తల్లి అసొంటిది.

నా బిడ్డకు అప్పటికి ఆరేండ్లు నిండలేదు. నీ పెనిమిటి మూడేండ్ల పోరడు. పోరడు నిద్రల ఉన్నడు గని, బిడ్డ పెరట్లకు వచ్చి నిలవడ్డది. నాయిన గోడ దుంకుడు చూసింది.

"అవ్వా, నాయిన గోడ ఎందుకు దుంకిండే?"

"బతుకమ్మకు పూలు తేను పోయిండు బిడ్డా." గదే నోటికి వచ్చింది.

"తలుపు ఉన్నది గద?"

పూలు ముందుగాల తెంపుకున్నోళ్లకే దొరుకుతయి, గందుకే అడ్డం వడి పోయిండు అన్న. అది నవ్వింది. నేను ఉరికి ముందటి తలుపుకు గొళ్లెం వెట్టిన. ఎందుకంటె ఆ పోరి నోట్ల నువ్వుగింజ నానది. కల్లు దుకాణం కాడ ఎవరు కొట్లాడిన్రు, ఎవరింట్ల కోడి పోయింది, గల్లీ అంతా అదే జెప్పేది. నాయిన గోడ దుంకిండని ఒక్క మాట బయట వడ్డదంటె చేగుంట బాట పట్టుకొని ఆళ్లు పోతరు. నా మొగని పానం ఆ చిన్న నోట్ల ఉన్నది.

ఆ దినం ఎంగిలిపూల బతుకమ్మ. పండుగ మొదలు. గల్లీల ఆడోళ్లు ఎవరూ బయటికి ఎల్లలేదు. ఎవరి తలుపులు ఆళ్లు ఏసుకున్నరు. పిల్లలు ఏడుపు. "పూలు ఏవి? ఆట ఏది?" ఆయన జెప్పిపోయిన మాట ఒకటి ఉండె గద, పండుగ తప్పనియ్యకు అని. మిషిని కింద చూసిన. పీలికలు. ఎన్ని రంగుల పీలికలో! ముందుగాల ఆ అంగీల గుడ్డ ముక్కలు ఏరి పొయ్యిల వెట్టిన. మిగిలినయి పిల్లల ముందట పోసిన.

"ఈ యేడు మనది గుడ్డల బతుకమ్మ. దినానికి ఒక రంగు. ఇయ్యాల పసుపు. పసుపు పీలికలు ఎవరు ఎక్కువ ఏరుతరో ఆళ్లకు నువ్వులుండ."

ఎగవడ్డరు. చిన్నోడు ఎర్రవి తెచ్చి పసుపు అంటడు, బిడ్డ ఆని నెత్తి మీద ఒకటి ఇస్తది. తాంబాళంల పీలికలు ముడులు ఏసి పేర్చినం. పైన పసుపు గౌరమ్మ. సుట్టూ తిరిగినం. సప్పట్లు లేవు, రెండు ఏళ్లతోని రెండు ఏళ్లను తాకిచ్చుడే. పాట పెదవుల మీదనే. పిల్లలకు అది గూడ ఆటనే అయింది. ఎవరి గొంతు బయటికి వస్తె ఆళ్లు ఓడినట్టు. అటుకుల నాడు ఎరుపు, ముద్దపప్పు నాడు తెలుపు. అట్ల నాడు నీలం. అట్ల మీద పుల్లతోని ముక్కూ మూతీ గీకి, "ఇది మేనత్త, ఇది తాత" అనుకుంట తిన్నరు. ఆళ్లు నవ్వుతుంటె నా చెవులు గల్లీలనే. బూట్ల సప్పుడు ఇననీకె.

ఆరో నాడు అలిగిన బతుకమ్మ. నీకు ఎరుకే, ఆ దినం బతుకమ్మ అలుగుతది. పేర్చరు, ఆడరు, పాడరు. ఆ దినం నాకు ఉపాయం తట్టింది.

"ఇయ్యాల అలక ఆట. 'బతుకమ్మ అలిగింది' అని నేను అనంగనే ఇద్దరూ నెత్తి మీద కొంగు కప్పుకొని గోడ దిక్కు మొకం వెట్టి కూసోవాలె. ఎవరు పిలిచినా పలకొద్దు. ఎవరు గిలిగిలి వెట్టినా నవ్వొద్దు."

"మరి అలక ఎట్ల తీరాలె?" బిడ్డ అడిగింది. దానికి అన్నిటికి ఒక లెక్క ఉండాలె.

"నోట్ల బెల్లం ముక్క వెడితె తీరుతది. అప్పుడు 'ఎందుకు అలిగినవమ్మా' అని అడుగుత. 'నాకు పూలు తేలేదు' అని నువ్వు అనాలె. అప్పుడు 'తెస్తం తల్లీ' అంట. గంతే, అలక ఖతం."

పొద్దంతా గదే ఆట. నేను వంట కాడికెళ్లి "బతుకమ్మ అలిగింది" అంటె చాలు, గప్‌చుప్. బిడ్డ నా పాత చీరె ముక్క కప్పుకొని గోడకు అతుక్కపోయి కూసుండెటిది. చిన్నోడు ఆ కొంగు కింద దూరెటోడు. ఆ నోటికి తాళం దొరికింది అనుకున్న. తాళంచెవి గూడ నేనే తయారు జేసిన అని అప్పుడు యాదికి రాలేదు.

మర్నాడు, ఏపకాయల నాడు, ఖాకీ బట్టలోళ్లు వచ్చిన్రు. పిండితోని ఏపకాయలు చేసుకుంట కూసున్నం, పట్టపగలు. తలుపు మీద కట్టె దెబ్బ. నేను పిండి చేతులతోనే అన్న: "బతుకమ్మ అలిగింది!"

బిడ్డ మిషిని పక్కకు గోడ దిక్కు తిరిగి కూసున్నది. నలుగురు లోపలికి వచ్చిన్రు. ఒకడు పెరట్లకు పోయిండు. ఒకడు ఆ గుడ్డల బతుకమ్మను కట్టెతోని పొడిసి పొడిసి చూస్తుండు. ఒక్క ముక్క పొయ్యిల ఎయ్యకుండ మిగిలిందేమో. ఆళ్లకు పెద్దోడు మాత్రం గొంతు లేపలేదు. ముందటర్రల కూసొని బిడ్డను పిలిచిండు. "గుడియా, ఇటు రా." ఆనికి గూడ ఇంట్ల పిల్లలున్నట్టున్నది, పిల్లలతోని మాట్లాడుడు ఎరుకే. గందుకే నాకు ఇంకింత భయమైంది.

బిడ్డ పలకలేదు.

"మూగదా ఏంది?"

"కాదు దొరా, ఆడుతుంది. అలిగిందట" అన్న.

"అచ్ఛా! అలక ఎట్ల తీరుతది?"

కొంగు కిందికెళ్లి చిన్నోని గొంతు. "బెల్లం వెట్టాలె!"

నీ పెనిమిటే, కోడలా. ఇప్పుడు నవ్వుకుంటున్నవ్ గని, ఆ మాటకు నా పానం కండ్ల మీదికి వచ్చింది.

ఆ పెద్దోడు నవ్విండు. జేబులకెళ్లి మిస్రీ, అదే పటికబెల్లం, ముక్క దీసి బిడ్డ కొంగు లేపి నోట్ల వెట్టిండు. అది నా దిక్కు చూసింది. ఆట లెక్క ప్రకారం బెల్లం నోట్ల వడ్డంక మాట్లాడాలె. నేను కండ్లతోని వద్దంటున్న. దానికి ఆ సైగ ఎరుక లేదు, నేను నేర్పలేదు.

"ఎందుకు అలిగినవ్ గుడియా?"

"నాకు పూలు తేలేదు."

"ఎవరు తేలేదు?"

"మా నాయిన."

"నాయిన ఏడికి పోయిండు?"

"పూలకు."

"పూలు ఏడుంటయి?"

అది లేచి వాకిట్లకు పోయి చెయ్యి చాపింది. ఖిల్లా గుట్ట దిక్కు. తంగేడు పూలకు ఏటేటా నాయిన భుజం మీద ఎక్కి పోయెటిది ఆడికే. గోడ ముచ్చట రాలేదు. చేగుంట ముచ్చట రాలేదు. ఆళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకొని బయటికి ఎల్లిన్రు.

తలుపు ఏసి, దాన్ని ఒడిల కూసోవెట్టుకొని ముద్దులు వెట్టిన. ఆళ్లు గుట్ట దిక్కు, ఆయన చేగుంట దిక్కు. దేవుడే దాని నోట్ల కూసొని చెప్పించిండు అనుకున్న. ఆ నాడు బిడ్డకు ఇంకో బెల్లం ముక్క వెట్టిన. మిస్రీ మంచిగుండె గని బెల్లమే మంచిది అన్నది అది.

ఎన్నముద్దల నాడు ఏ సప్పుడూ లేదు. పండుగ మొదలైన సంది నేను కండ్లు మూసింది ఆ నాడే.

సద్దుల నాడు, పండుగ ఆఖరు దినం, పొద్దు పొడిసినంక పెరటి గోడ కాడ ఖాలా పిలిచింది. ఎనకాల టాంగా ఆయన. ఆయన చేతుల ఒక మూట. మీ మామ కండువ. నేనే అంచు కుట్టిన కండువ, మిషిని మీద కుట్టుడు ఆయన నాకు నేర్పినప్పుడు. మూట నిండ తంగేడు పూలు.

"గుట్ట కింద" అన్నడు టాంగా ఆయన. నా మొకం చూడలేదు. "ఆళ్లు ఆడనే కూసున్నరు ఆ దినం సంది. మనిషిని ఆళ్లే ఏసుకపోయిన్రు, బిడ్డా. పానం లేదు. నా టాంగ బాట మీద ఉండె. ఇది పొదల వడ్డది, తెచ్చిన."

చేగుంటల లేవా తంగేడు పూలు? ఏడ జూసినా తంగేడే గద. కాని పిల్లలకు తెస్తనని మాట ఇచ్చిన పూలు ఆ గుట్ట పూలే అని మీ మామ అనుకున్నడు గావచ్చు. నాకు చెప్పుతందుకు ఆయన మల్ల రాలేదు.

ఏడ్వనీకె నోరు తెరిసిన. ఖాలా అరచెయ్యి నా నోటికి అడ్డం వెట్టింది. "బచ్చే, బేటీ, పిల్లలున్నరు. గల్లీ ఇంటది." ఏడిస్తె మూట ఎవరు తెచ్చిన్రని ఆళ్లు వస్తరు. టాంగా ఆయనను గుంజుకపోతరు. నా పిల్లలకు ఇంక ఎవరు దిక్కు? ఖాలా చెయ్యిని కొరికిన గావచ్చు. ఆమె చేతికి ఆ గాటు శాన దినాలు ఉండె.

బిడ్డ లేచి వచ్చింది. పూలు చూసింది. "నాయిన తెచ్చిండు! నాయిన తెచ్చిండు!"

"ఆ. మీ నాయినే తెచ్చిండు."

"ఏడి మరి?"

"మల్ల పోయిండు బిడ్డా."

ఆ సాయంత్రం సద్దుల బతుకమ్మ పేర్చిన. నా చేతులతోనే. పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది, అన్నీ చేసిన. ఉప్పు ఏసిన్నో లేదో యాదికి లేదు. బయటి చెరువుకు ఎట్ల పోతం, పెరట్ల గంగాళం నిండ నీళ్లు పోసిన. పిల్లలు పూల సుట్టూ తిరుగుతున్రు, పెదవుల మీద పాట, ఏళ్ల మీద సప్పట్లు. గోడ అవుతలికెళ్లి ఖాలా చూస్తుంది. ఆట అయినంక గౌరమ్మ పసుపు పుస్తెకు వెట్టుకోవాలె గద ముత్తైదువ. బిడ్డ పసుపు తెచ్చి ఇచ్చింది. వెట్టుకున్న. మొగడు లేడని ఎరుకైన ఆడది, పిల్లల ముందట, పుస్తెకు పసుపు వెట్టుకున్నది.

అటెన్క పోయి గోడ దిక్కు తిరిగి కూసున్న. కొంగు నెత్తి మీదికి గుంజుకున్న. మొకం ఎవరికీ కనవడొద్దని.

బిడ్డ సూసింది. "ఓ! అవ్వ అలిగింది!" అని గునగున ఉరికి బెల్లం ముక్క తెచ్చింది. కొంగు లేపి నా నోట్ల కుక్కింది. చిన్నోడు సప్పట్లు కొట్టిండు.

"ఎందుకు అలిగినవమ్మా?"

నోట్ల బెల్లం. మాట్లాడకుంటె ఆట చెడుతది, పిల్ల భయవడతది. "నాకు పూలు తేలేదు" అనాలె లెక్క ప్రకారం. ముందట గంగాళంల పూలు తేలుతున్నయి.

"పూలు వచ్చినయి గద బిడ్డా" అన్న. "ఇగ అలక లేదు."

గంతే. అటెన్క ఖాకీ బట్టలోళ్లు పోయిన్రు, మిలిటరీ వచ్చింది, అందరూ చెడ్డ కాలం పోయిందన్నరు. నా మిషిని మీద నేనే కుట్టుకుంట ఈ ఇద్దరిని పెంచిన. నా బిడ్డ ఇప్పటికీ ప్రతి బతుకమ్మకు వస్తది. అలిగిన నాడు దాని మనుమలను గోడ దిక్కు కూసోవెట్టి బెల్లం వెడతది. ఇల్లంతా నవ్వులు. "మా నాయిన గోడ దుంకి పోయి సద్దుల నాటికి పూలు తెచ్చిండు" అని జెప్పుతది. తాను గుట్ట దిక్కు చెయ్యి చాపింది దానికి యాదికి లేదు. మిస్రీ ఒక్కటే యాదికి ఉన్నది. ఆ పిల్లలు గోడకు మొకం వెట్టి కూసుంటె నేను ఇప్పటికీ తలుపు దిక్కే చూస్త. అది ఏనాడన్న "అవ్వా, ఆ నాడు నేనేం జెప్పిన?" అని అడుగుతదేమో అని భయం.

రేపు వస్తది. నువ్వు రాసింది అందరి ముందట చదువుత అన్నవ్. నాకు సంతకం తప్ప ఏం రాదు, నువ్వేం రాసినవో నాకు ఎరుక లేదు. ఆ గుట్ట దిక్కు చెయ్యి చాపిన కాడ ఎట్ల రాసినవో ఇనాలె. చిన్నపిల్ల ఆట లెక్క ఇనవడితె ఉండని. నా బిడ్డ మెడకు చుట్టుకునెట్టు ఇనవడితె కొట్టెయ్యి. ఇంకా అది రాలేదు గద? తలుపు దగ్గరికెయ్యి. మెల్లగ, మొదటికెళ్లి, నాకొక్కదానికే చదువు బిడ్డా.