ఎడమ సీటు కింద స్విచ్

ధవళేశ్వరంలో రిటైర్డు మాస్టారు యెహెజ్కేలు గారు, భార్య దేవకుమారి పోయాక మొదటిసారి చర్చికని కారు తీశారు. సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవడం లేదు. మెకానిక్ బుల్లబ్బాయి వచ్చి చూసి, పెట్రోలు పంపు చప్పుడే లేదన్నాడు. “దొంగల భయానికి, పంపు ఆగిపోయేలా ఎక్కడైనా స్విచ్ పెట్టించారా అండీ?”

“అలాంటివేం లేవయ్యా,” అని కసిరి, అంతలోనే ఆగిపోయారు.

పెట్టించింది ఆవిడే, తను కూర్చునే ఎడమ సీటు కింద. ఎక్కగానే వేసేది, దిగేముందు కట్టేసేది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు కూడా, వద్దంటున్నా వంగి కట్టేసే దిగింది. ఆయన చెయ్యి ఏనాడూ అటు పోలేదు.

ఇప్పుడు తనే వంగి వేస్తే, కారు ఒక్క తిప్పుకే అందుకుంది.

చర్చి ముందు ఆపి, స్విచ్ కట్టేద్దామని చుట్టూ తిరిగొచ్చి ఎడమ తలుపు తీశారు. తీసి, ఆవిడ దిగాలన్నట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.