మేడం మిగిల్చిన బదులు

మా వీధి చివర కొత్తగా ఒక హోటలు పెడుతున్నారు. ముందు ఖాళీ జాగాలో గుండ్రటి గడ్డి పాకలు వేసి, వాటి కింద బల్లలు వేస్తారట. ఒకప్పుడు గడ్డి ఇంట్లో ఉంటామని చెప్పుకోవడానికి నోరు రాని వాళ్లం, ఇప్పుడు గడ్డి కింద కూర్చుని తిన్నందుకు బిల్లు ఎక్కువ కడతాం కాబోలు. నవ్వుకుంటూనే నిన్న పొద్దున కూరగాయలకు అటుగా వెళ్లాను. కప్పు నేసేవాళ్లు బోదగడ్డి మీద నీళ్లు చిలకరిస్తున్నారు, కట్టేటప్పుడు విరగకుండా. ఎండుగడ్డి తడిసినప్పుడు వచ్చే ఆ వాసన, కాస్త తీపిగా, కాస్త మట్టిగా, ముక్కుకు తగిలేసరికి ఇక అడుగు ముందుకు పడలేదు. సంచీ పట్టుకుని ఖమ్మం ఎండలో అలాగే నిలబడిపోయాను. నాకు ఆ వాసన అంటే భ్రమరాంబ మేడమే.

ఎనభైల మొదట్లో నేను ఇల్లందులో ఇంటర్ చదివేటప్పుడు ఆమె మాకు లెక్కలు చెప్పేది. వాళ్ల పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి తల్లాడ దగ్గర భూములు కొనుక్కున్నారు. భర్త అక్కడ వ్యవసాయం చూసుకుంటే, ఆమె అత్తగారిని వెంటబెట్టుకుని ఇల్లందులో కిరాయి ఇంట్లో ఉండేది. పొట్టి మనిషి, నడక మాత్రం బస్సు అందుకోబోతున్నట్టు ఉండేది. కోపం ముక్కు మీదే ఉండేది. లెక్క తప్పు చేస్తే ఏమీ అనేది కాదు కానీ, మొదలే పెట్టకుండా కూర్చుంటే సుద్దముక్క వచ్చి తగిలేది. తప్పు చేస్తే దిద్దుతాను, ఖాళీ కాగితాన్ని ఏం దిద్దను అనేది. ఆమె వస్తుంటే మగపిల్లలు కూడా బీడీలు చెప్పుల కింద నలిపేసేవారు.

మాది జూలూరుపాడు దాటాక అడవి అంచున ఒక గూడెం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ కైకిలికి పోయి, ఎండాకాలం తునికాకు తెంపి నన్ను పదో తరగతి గట్టెక్కించింది. ఇంటర్‌కు ఇల్లందు రాగలిగానంటే అక్కడ ఒక ప్రైవేటు డాక్టరు దవాఖానాలో పని దొరకబట్టే. కాలేజీ అయ్యాక సూదులు ఉడకబెట్టాలి, నేల తుడవాలి. దానికి తిండి, వెనక గదిలో ఆయాతోపాటు పడక. రెండో సంవత్సరం చలికాలం వెళ్తుండగా ఆ డాక్టరు హైదరాబాదులో స్థిరపడతానని దవాఖానా మూసేశాడు. మంచివాడే, ముందే చెప్పి మరీ మూశాడు. అయినా ఒక్క తాళంతో నా పనీ పోయింది, పడకా పోయింది. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇంటికి పోతే ఇక తిరిగి రాలేనని నాకు తెలుసు. చదువు మధ్యలో వదిలి వచ్చిన ఆడపిల్ల మళ్లీ బస్సెక్కడం మా గూడెంలో ఎవరూ చూడలేదు.

గది కోసం తిరిగాను. ఒంటరి ఆడపిల్లకు కిరాయికి ఇయ్యమన్నారు కొందరు. ఇంకొకావిడ అంతా ఒప్పుకుని, చివరికి ఏ ఊరని అడిగి, నేను చెప్పాక, గది మొన్ననే వేరేవాళ్లకు మాట ఇచ్చామని లోపలికి పోయింది. చేసేది లేక నా ట్రంకు పెట్టె తీసుకుని కాలేజీకి వచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోదామని వరండాలో కూర్చున్నాను. మేడం అటుగా వస్తూ ఆగింది. ఏడుస్తూనే అంతా చెప్పాను. ఓదారుస్తుందేమో అనుకున్నాను. ఆమె పెట్టె వైపు చూసింది.

"బరువుగా ఉందా సమ్మక్కా?"

"అవ్, మేడం."

"రెండు చెవులున్నాయిగా. ఒకటి నువ్వు పట్టుకో, ఒకటి నేను పట్టుకుంటా. పద."

వాళ్లింటి గుమ్మం దగ్గర పెట్టె దించి, పాకలో పెట్టుకో, నేను కాగితాలు దిద్ది వస్తానని చెప్పి వెళ్లిపోయింది. మా వైపు గుడిసె అంటాం, కొట్టం అంటాం. పాక అన్న మాట నేను వినలేదు. తెలుగు పుస్తకంలో పాకశాల అంటే వంటిల్లని చదువుకున్నాను గనక, తెలివిగా పెట్టె ఈడ్చుకుపోయి నేరుగా వంటింట్లో, పొయ్యి పక్కన పెట్టాను. మేడం అత్తగారు పప్పు కలుపుతూ నన్నూ, పెట్టెనూ, మళ్లీ నన్నూ చూసింది. మేడం వచ్చేసరికి నేను అక్కడే ముడుచుకుని కూర్చున్నాను. ఆమె పాక అన్నది పెరట్లోని పాత గేదెల కొట్టాన్ని. సంగతి తెలిశాక నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెట్టె ఎత్తబోతే ముసలావిడ గరిటె అడ్డం పెట్టింది. "పెట్టిన పెట్టె మళ్లీ తీయడం ఎందుకే? ఆ పాక సగం కూలింది. ఇక్కడైతే వెచ్చగా ఉంటుంది" అంది. ఆ మాటకు ఇప్పటికీ ఆమెకు దండం పెట్టుకుంటాను.

ఊరికే తినడం నాకు మింగుడు పడలేదు. ఆ సంగతి మేడం నేను చెప్పకుండానే కనిపెట్టి, నన్ను వెంటబెట్టుకుని బజారంతా తిరిగింది. ఎవరైనా పనిలేదంటే, అయితే ఎవరి దగ్గర ఉందో చెప్పండని అక్కడే నిలబడేది. చివరికి ఒక దర్జీ ఆవిడ చొక్కాలకు కాజాలు కుట్టే పని ఇచ్చింది. సాయంత్రాలు నేను కాజాలు కుడుతుంటే మేడం లెక్కలు అడిగేది, నేను సూది ఆపకుండా నోటితోనే దారి చెప్పేదాన్ని. పని ఎక్కువైన ఒక రోజున ఆమె కూడా సూది అందుకుంది. మర్నాడు దర్జీ ఆవిడ ఒక చొక్కా ఎత్తి చూపించి, దీంట్లో గుండీ కాదు గుమ్మడికాయ దూరుతుందని తిట్టింది. మేడం ఆ తిట్టు విని పడీ పడీ నవ్వి, తప్పు దిద్దుకుంటానని మళ్లీ కూర్చుంది.

పెట్టె వంటింట్లో ఉన్న సంగతి ఇంటి ఓనరు చెవిన పడింది. కొట్టంలో ఉంటే పట్టించుకునేవాడు కాదేమో. గూడెం పిల్ల తన ఇంటి పొయ్యి దగ్గర పడుకోవడం ఆయనకు గిట్టలేదు. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"మీరంటే మర్యాదున్నది మేడం. గా పిల్లను పంపియ్యిండ్రి. మా ఇంట్ల గిట్ల నడవది."

"ఎప్పటికల్లా ఖాళీ చేయమంటారు?" అంది మేడం.

"మిమ్ముల అంటలేను. ఆ పిల్లను."

"ఈ ఇంట్లో ముగ్గురం ఉన్నాం. వెళ్తే ముగ్గురం వెళ్తాం."

నేను పోతానని ఎంత చెప్పినా ఆమె వినలేదు, నీ పని పరీక్ష, నా పని ఇల్లు అని కొట్టిపారేసింది. అయితే ఆ కబురు ఆమెకంటే ముందే వాడలన్నీ తిరిగింది. ఉద్యోగం ఉన్న మేడంకు కూడా ఇల్లు దొరకలేదు. నాకు చెప్పిన సాకులే ఆమెకూ చెప్పారు, కాస్త మర్యాదగా. ఆమె పళ్లు కొరుక్కుంటూ వెతికి, ఊరి చివర, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన ఒకాయన వదిలి వెళ్లిన మట్టిగోడల ఇల్లు పట్టుకుంది. గోడలు నిక్షేపంలా ఉన్నాయి. పైన కప్పు లేదు.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది. నా దవాఖానా పని పోయిందని ఎవరో చెబితే నన్ను తీసుకుపోదామని వచ్చింది. సంగతంతా విని, కప్పు లేని ఆ ఇంటిని చుట్టూ తిరిగి చూసి, మేడం ఎదుట నిలబడింది. మా అమ్మ ఎవరి దగ్గరా చేయి చాచని మనిషి, ఆ గర్వం ఆమె మాటలోనే ఉండేది.

"పంతులమ్మా, నా బిడ్డ కోసం నువ్వు ఇల్లు ఇడిసినవు. ఉత్తగ ఉంచుకుంటనంటే నేను ఉంచ. బదులు అంటే ఉంచుత."

మేడంకు అర్థం కాలేదు. నేను చెప్పాను. మా గూడెంలో ఎవరి ఇల్లు కప్పినా ఇంటికొకరు గడ్డిమోపుతో వస్తారు, కూలి ఉండదు, పూటకింత బువ్వ తప్ప. వాళ్ల ఇల్లు కప్పే రోజున మనం పోవాలి. అదే బదులు. "మరి నేనేం చేయాలి?" అని మేడం అడిగితే, మావాళ్లది కప్పేనాడు నువ్వు రావాలె అంది అమ్మ, ఆమె వస్తుందని ఏమాత్రం అనుకోకుండా.

నా మొదటి పరీక్షకు ముందురోజు గూడెం నుంచి ఎడ్లబండ్లు గడ్డితో వచ్చాయి. మగవాళ్లు వాసాల మీదికెక్కారు, ఆడవాళ్లు గడ్డి తడిపి మోపులు అందించారు, మేడం అత్తగారు అందరికీ వండింది. మోపు అందుకోబోయిన నా చేతి మీద అమ్మ ఒకటి వేసింది, పుస్తకం ముందేసుకుని కూర్చోమంది మేడం. ఇద్దరికీ కోపం ఒకే రకంగా ఉండటం ఆ రోజే గమనించాను. గోడ నీడలో కూర్చుని, తడిగడ్డి వాసనలో, లెక్క మీద లెక్క చేశాను. పొద్దుగూకేసరికి మా తల మీద కప్పు ఉంది. ఆ కప్పు కిందే చదివి పరీక్షలన్నీ రాశాను, పాసయ్యాను.

ఎండాకాలంలో మా పొరుగింటి ముత్తక్క ఇల్లు కప్పుతుంటే, జూలూరుపాడు బస్సు దిగి ఎండలో నడుచుకుంటూ మేడం వచ్చింది. గూడెమంతా బిత్తరపోయింది. నులకమంచం వాల్చి కూర్చోమన్నారు. "మంచం మీద కూర్చోబెడితే బదులు ఎలా తీరుతుంది?" అని కసిరి, చీర చెంగు నడుముకు చుట్టి మోపు ఎత్తుకుంది. అదొక్కసారితో తీరిపోయేదే. కానీ బదిలీ అయ్యేదాకా ఏటా వచ్చింది, బదిలీ అయ్యాకా తల్లాడ నుంచి వచ్చింది.

ఆమె పోయినప్పుడు అమ్మను తీసుకుని తల్లాడ వెళ్లాను. అప్పటికి నేనూ టీచరునే. తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే అమ్మ కొంగుతో నా కళ్లు తుడిచి అంది. "మేడం మనకంటే ఎక్కువనే వచ్చింది బిడ్డా. బదులు మనమీదనే మిగిలింది."

ఆ మాట నన్ను వదల్లేదు, నేనూ దాన్ని వదల్లేదు. ఇల్లు కట్టుకున్నప్పుడు వంటింటి పక్కన ఒక గది వేయించాను. దేనికని అడిగినవాళ్లకు పాక అని చెబుతాను. అందులో ఉండి చదువుకుని వెళ్లిన ఆడపిల్లలు ఉన్నారు. నిన్న ఆ గడ్డి వాసన పీల్చుకుని ఇంటికి వచ్చేసరికి మా గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. పనిచేసే బట్టల షాపు మూసేశారట, షాపు వాళ్లిచ్చిన గదీ పోయిందట, నర్సింగు పరీక్షలు దగ్గరలో ఉన్నాయట. చెబుతూ చెబుతూ ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆమె కాళ్ల దగ్గర ఒక పెద్ద బట్టల సంచీ ఉంది. దానికి రెండు చెవులున్నాయి. నా కూరల సంచీ భుజానికి వేసుకుని, ఒకటి పట్టుకున్నాను.